రొమ్ము మూడు వారాలుగా ఎర్రబడి ఉంది, గడ్డ లేదంటున్నారు: మూడో కోర్సు యాంటీబయాటిక్ వాడి చూడవచ్చా?

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీకు 43 ఏళ్లు. చిన్నబాబుకు తొమ్మిదేళ్లు వచ్చాయి కనుక పాలిచ్చే దశ ఎప్పుడో దాటింది. మూడు వారాల కిందట కుడి రొమ్ము బరువెక్కి, కందినట్టు ఎర్రబడింది. జ్వరం రాలేదు. ఇన్‌ఫెక్షన్ అని ఒక కోర్సు, ఆ తరువాత మందు మార్చి ఇంకో కోర్సు యాంటీబయాటిక్ ఇచ్చారు. కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికి వచ్చింది. అల్ట్రాసౌండ్ రిపోర్టులో మాస్టైటిస్ (రొమ్ము వాపు) అనీ, గడ్డ ఏదీ కనిపించలేదనీ రాశారు. ఇప్పుడు మూడో కోర్సు రాసి ఇచ్చారు. వాడి చూడాలా, మరెక్కడైనా చూపించుకోవాలా అన్నది మీ ప్రశ్న.

మూడో కోర్సు పూర్తయ్యే దాకా ఆగవద్దు. ఈ వారంలోనే రొమ్ము జబ్బులు చూసే సర్జన్ దగ్గరకో, కేన్సర్ ఆస్పత్రికో వెళ్లి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించుకోండి. మీకు కేన్సర్ ఉందని నేను చెప్పడం లేదు, చూడకుండా ఎవరూ అలా చెప్పలేరు. అయితే పాలివ్వని స్త్రీకి రొమ్ము ఎర్రబడి వాచి, పది రోజుల యాంటీబయాటిక్‌తో పూర్తిగా తగ్గకపోతే, అది ఇన్‌ఫ్లమేటరీ బ్రెస్ట్ కేన్సర్ కాదని బయాప్సీతో తేల్చుకున్న తరువాతే మరో మందు గురించి ఆలోచించాలి. ఇరవై ఏళ్లకు పైగా రొమ్ము శస్త్రచికిత్సలు చేస్తున్న నేను జూనియర్ డాక్టర్లకు అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పే మాట ఇదే.

ఈ జబ్బు అరుదైనది. అమెరికా లెక్కల ప్రకారం మొత్తం రొమ్ము కేన్సర్లలో 1 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. ఈజిప్టు, ట్యునీషియా వంటి ఉత్తర ఆఫ్రికా దేశాలలో ఇంతకన్నా ఎక్కువగా నమోదైంది. ఒక సాధారణ వైద్యుడు తన జీవితకాలంలో ఇలాంటి రోగిని ఒకరిద్దరిని చూస్తే చూడవచ్చు, అసలు చూడకపోనూ వచ్చు. అదే వైద్యుడి దగ్గరకు రొమ్ము ఇన్‌ఫెక్షన్లు మాత్రం తరచూ వస్తూనే ఉంటాయి. కాబట్టి మీ డాక్టరు గారు మొదట యాంటీబయాటిక్ ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను, నేనైనా చాలామందికి మొదట అదే ఇస్తాను. తేడా అంతా ఆ మందుకు గడువు పెట్టడంలోనే ఉంది. వారం, మహా అయితే పది రోజులు. ఆ లోపు ఎరుపు, వాపు పూర్తిగా పోవాలి. 'కొంచెం తగ్గింది' అన్న మాటను నేను లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే ఈ కేన్సర్ ఉన్నవారిలో కూడా యాంటీబయాటిక్ వాడినప్పుడు వాపు కొంత తగ్గినట్టు అనిపించడం కద్దు. కేవలం ఆ పాక్షికమైన ఊరట వల్ల నెలలు గడిచిపోయిన రోగులను చూశాను.

గడ్డ లేనప్పుడు కేన్సర్ ఎలా అవుతుందని మీరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. మన గోడల మీద, అక్టోబరు నెల ప్రచారాలలో కనిపించే ప్రతి పోస్టరూ గడ్డ కోసం తడిమి చూసుకోమనే చెబుతుంది. రొమ్ము కేన్సర్లలో అత్యధిక భాగానికి ఆ సలహా సరిపోతుంది, దీనికి మాత్రం సరిపోదు. ఈ రకంలో కేన్సర్ కణాలు ఒకచోట ముద్దగా పెరగడానికి బదులు, చర్మంలో ఉండే సన్నని లింఫు నాళాలలోకి గుంపులు గుంపులుగా చొరబడి వాటిని మూసివేస్తాయి. పారవలసిన ద్రవం పారక చర్మంలోనే నిలిచిపోవడంతో రొమ్ము ఉబ్బుతుంది, చర్మం మందమవుతుంది, రంగు మారుతుంది. వెంట్రుకల కుదుళ్ల దగ్గర చర్మం లోపలికి లాగినట్టుండి, మధ్య భాగం పొంగి, బత్తాయి తొక్క మీద ఉండే గుంటల వంటివి కనిపిస్తాయి. అంటే పైకి ఇన్‌ఫెక్షన్‌లా కనిపించేదంతా నిజానికి నాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చిన మార్పు. అందుకే చాలామందికి జ్వరం రాదు, రక్తపరీక్షలో తెల్లకణాల సంఖ్య కూడా సాధారణంగానే ఉంటుంది. 1814లో చార్లెస్ బెల్ అనే సర్జన్ రొమ్ము చర్మం ఊదారంగుకు మారి, నొప్పి కూడా ఉంటే అది చెడ్డ సూచన అని రాశాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరును 1924లో లీ, టానెన్‌బామ్ అనే ఇద్దరు వైద్యులు పెట్టారు. అంటే వైద్యరంగానికి ఇది కొత్త జబ్బేమీ కాదు.

ఏ లక్షణాలుంటే అనుమానించాలన్నదానికి 2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి స్పష్టమైన కొలమానాలు ప్రచురించింది. ఎరుపు, వాపు, బత్తాయి తొక్క వంటి చర్మం, వేడి వంటివి వేగంగా మొదలై ఉండాలి. అలా మొదలై ఆరు నెలలు దాటి ఉండకూడదు. ఎరుపు రొమ్ములో కనీసం మూడో వంతు వరకు వ్యాపించి ఉండాలి. వీటన్నిటితో పాటు బయాప్సీలో కేన్సర్ కణాలు కనిపించాలి. గడ్డ చేతికి తగిలినా, తగలకపోయినా ఒకటేనని ఆ కొలమానాలలోనే ఉంది. ఆరు నెలల షరతు ఎందుకంటే, ఏడాది పైగా గడ్డ పెట్టుకుని పట్టించుకోక, చివరకు అది చర్మందాకా పాకి పుండుపడి ఎర్రబడిన కేసులు మన జిల్లాలలో ఎక్కువగా వస్తాయి. అది వేరే జబ్బు, దాని నడక వేరు. రోగి చెప్పే కథను ఓపికగా విన్న డాక్టరుకు మాత్రమే ఈ రెంటి మధ్య తేడా తెలుస్తుంది.

ఇక్కడ మన చర్మపు రంగు గురించి ఒక మాట చెప్పాలి. పాఠ్యపుస్తకాలలోని ఫొటోలు చాలావరకు తెల్లని చర్మం మీద తీసినవి. చామనఛాయలోనో, నలుపులోనో ఉన్నవారికి ఎరుపు అంత ఎర్రగా కనిపించదు. కమిలినట్టు, ఊదారంగులో, ఒక్కోసారి కేవలం నల్లబడినట్టు ఉంటుంది. కాబట్టి పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి రెండు రొమ్ములనూ పోల్చి చూసుకోవాలి. కొన్ని వారాలలోనే ఒకటి రెండోదానికంటే పెద్దదైందా, అటువైపు మాత్రమే బ్రా బిగుతై, పట్టీ విప్పాక దాని అచ్చు లోతుగా నిలిచిపోతున్నదా, ఇదివరకు బయటికి ఉన్న చనుమొన ఇటీవల లోపలికి పోయిందా, చంకలోగాని మెడ ఎముక పైనగాని బిళ్లలు తగులుతున్నాయా అని గమనించాలి. కొందరికి దురద, మంట ఉంటాయి, కొందరికి నొప్పి ఉంటుంది. 'నొప్పి ఉంది కనుక కేన్సర్ కాదు' అన్న మాట ఈ జబ్బు విషయంలో అసలు పనికిరాదు. ఈ రోజే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఎరుపు ఎంతవరకు ఉందో చుట్టూ పెన్నుతో గీత గీసి తీస్తే మరీ మంచిది. మార్పును తేల్చుకోవడానికి అది మీకూ, రేపు చికిత్స అవసరమైతే ఎంత తగ్గిందో చూడటానికి డాక్టరుకూ ఉపయోగపడుతుంది.

ఇప్పుడు పరీక్షలు. అల్ట్రాసౌండ్‌లో గడ్డ కనిపించలేదన్న రిపోర్టుతో నిశ్చింతగా ఉండవద్దు. పైన చెప్పిన కారణం వల్ల ఇందులో చూపించడానికి ముద్ద ఉండకపోవచ్చు. మామోగ్రామ్‌లో కూడా ఒక్కోసారి చర్మం మందమైనట్టు, రొమ్ము మొత్తం సాంద్రత పెరిగినట్టు మాత్రమే తెలుస్తుంది. అయినా రెండు రొమ్ములకూ మామోగ్రామ్, రొమ్ముతో పాటు చంకకూ మెడ ఎముక పై భాగానికీ అల్ట్రాసౌండ్ చేయించాలి. చంకలో అనుమానాస్పదమైన గ్రంథి దొరికితే దాని నుంచే ముక్క తీయవచ్చు. ఈ రెంటిలో ఏమీ దొరకకపోతే ఎమ్మారై చేస్తారు, దాగి ఉన్న గడ్డను పట్టుకోవడంలో అన్నిటికంటే మెరుగైనది అదే.

బయాప్సీ విషయంలో మీరు పట్టుబట్టవలసినవి రెండు ఉన్నాయి. సన్నని సూదితో కణాలు లాగే ఎఫ్‌ఎన్‌ఏసీ ఒక్కటే చాలదు, ముక్క తీసే కోర్ బయాప్సీ కావాలి. ఎందుకంటే కేన్సర్ ఉందా లేదా అన్నదే కాక, హార్మోన్ గ్రాహకాలు (కేన్సర్ హార్మోన్లతో పెరిగే రకమా అని చెప్పేవి), హెర్2 (కొన్ని కేన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ప్రోటీన్) పరీక్షలు కూడా ఆ ముక్క మీదే చేయాలి, చికిత్స మొత్తం వాటి మీద ఆధారపడుతుంది. రెండోది, చర్మం ఎర్రగా ఉన్నచోట మత్తు సూది వేసి చిన్న చిన్న ముక్కలు తీసే పంచ్ బయాప్సీ, కనీసం రెండు చోట్ల నుంచి. చర్మపు నాళాలలో కేన్సర్ కణాలు కనిపిస్తే విషయం తేలిపోతుంది. కనిపించనంత మాత్రాన జబ్బు లేదని కాదు, ఎందుకంటే నాలుగింట ఒక వంతు మందిలో చర్మపు ముక్కలో అవి దొరకవు.

బయాప్సీ మాట ఎత్తగానే మన ఇళ్లలో వినిపించేది 'కత్తి తగిలితే పాకుతుంది' అన్న భయం. సూది బయాప్సీ వల్ల కేన్సర్ ముదరదు. ఈ జబ్బులో నష్టం చేసేది బయాప్సీ కాదు, నిర్ధారణ లేకుండా పెట్టే కోత. చీముగడ్డ అనుకుని కోసి, చీము రాక, గాయం నెలల తరబడి మానక నా దగ్గరకు పంపిన ఒక యాభై ఏళ్ల ఆవిడ కేసు నాకు బాగా గుర్తుంది. కోసినప్పుడు తీసిన కండను పరీక్షకు పంపనే లేదు. అది పంపి ఉంటే ఆ వారంలోనే విషయం తెలిసేది. అందుకే రొమ్ములో చీముగడ్డను కోసే ప్రతి డాక్టరుకూ నేను చెప్పేది ఏమిటంటే, చీము వచ్చినా రాకపోయినా లోపలి గోడ నుంచి చిన్న ముక్కైనా పరీక్షకు పంపాలి. చాలా ల్యాబులు ప్యాకేజీలలో కలిపి అమ్మే సీఏ 15-3 రక్తపరీక్షతో ఈ జబ్బును నిర్ధారించలేము, లేదని కొట్టివేయలేము కూడా. దానికి డబ్బు పెట్టవద్దు.

మీ భయానికి రెండో వైపు కూడా చెప్పాలి. మన దేశంలో ఇలా ఎర్రబడి, యాంటీబయాటిక్‌కు లొంగని రొమ్ములలో కొన్ని గ్రాన్యులోమేటస్ మాస్టైటిస్ అనే జబ్బువి. పిల్లలు పుట్టిన కొన్నేళ్ల తరువాత ఇది ఎక్కువగా కనిపిస్తుంది. గట్టిపడుతుంది, అక్కడక్కడ చీముపట్టి రంధ్రాలు పడి కారుతుంది, చూడటానికి కేన్సర్ లాగానే భయపెడుతుంది, కానీ కేన్సర్ కాదు. తక్కువమందిలో రొమ్ముకు క్షయ కూడా రావచ్చు. ఇల్లంతా ఏడుస్తూ వచ్చిన ఒక ముప్ఫై అయిదేళ్ల అమ్మాయికి బయాప్సీలో గ్రాన్యులోమేటస్ మాస్టైటిస్ అనే తేలింది. అయితే ఆ అమ్మాయి అప్పటికే ఎక్కడో ఎవరో క్షయ అనుకుని ఇచ్చిన మాత్రలు నెలల తరబడి మింగుతోంది, క్షయ అని చెప్పే రుజువు ఒక్కటీ లేకుండానే. అలాంటి ఊహా చికిత్స నాకు ససేమిరా నచ్చదు. క్షయ మందులు మొదలుపెట్టాలన్నా, స్టెరాయిడ్ ఇవ్వాలన్నా ముందు ముక్క తీసి చూడాలి. తీసిన ముక్కను క్షయ కోసం సీబీ-నాట్ పరీక్షకు కూడా పంపవచ్చు. ఒక్క బయాప్సీ ఇన్ని అనుమానాలను విడదీస్తుంది కనుకనే దానికోసం ఇంతగా పట్టుబడుతున్నాను.

మీలాగే చదివే వారిలో పాలిచ్చే తల్లులు ఉండవచ్చు. పాలు కట్టి, చనుమొన పగిలి, ఇన్‌ఫెక్షన్ రావడం వారిలో చాలా మామూలు విషయం, ప్రతి ఒక్కరూ హడలిపోనక్కరలేదు. ఇన్‌ఫెక్షన్ అయితే చలిజ్వరం ఉంటుంది, ఒకచోట తీవ్రంగా నొప్పి ఉంటుంది, సరైన మందు పడ్డాక రెండు మూడు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అలా తెలియకపోతే వారికీ గడువు ఒకటే. ఏడు నెలల పాపకు పాలిస్తున్న ఒక ఆమెను, రెండో వారంలో ఎరుపు అలాగే ఉందని చెప్పి ఆమె గైనకాలజిస్టు నా దగ్గరకు పంపింది. 'పాలు కట్టాయి, కాపడం పెడితే పోతుంది' అని ఇంట్లో అందరూ అంటున్నా, ఆ డాక్టరు వినలేదు. బయాప్సీలో కేన్సరే వచ్చింది, కాని అప్పటికి మరే భాగానికీ పాకలేదు. పాలిస్తున్నప్పుడు మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, కోర్ బయాప్సీ మూడూ చేయవచ్చు. మామోగ్రామ్ కోసం పాలు మాన్పించనక్కరలేదు.

ఒకవేళ కేన్సరే అని తేలితే ఏమవుతుందో కూడా క్లుప్తంగా తెలుసుకోండి, ఎందుకంటే ఆ సమయంలో తొందరపాటుతో జరిగే నష్టం ఎక్కువ. 'వెంటనే తీసేద్దాం' అనే సర్జన్ ఎదురైతే వెంటనే ఒప్పుకోకండి. ఈ రకంలో మొదటి చికిత్స ఆపరేషన్ కాదు. పాకినదీ లేనిదీ చూడటానికి పెట్-సీటీ గాని, సీటీ స్కాన్‌తో పాటు ఎముకల స్కాన్ గాని చేస్తారు. తరువాత కొన్ని నెలలపాటు కీమో ఇస్తారు. హెర్2 పాజిటివ్ అయితే దానితో పాటు ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే మందులు ట్రాస్టుజుమాబ్, వీలైతే పెర్టుజుమాబ్ కలుపుతారు. ఎరుపు, వాపు తగ్గాకనే రొమ్మును పూర్తిగా, చంకలోని గ్రంథులతో సహా తీస్తారు. ఆ పైన రేడియేషన్, మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అది తప్పనిసరి. హార్మోన్ గ్రాహకాలు ఉంటే ఏళ్ల తరబడి మాత్రలు వాడాలి. మామూలు రొమ్ము కేన్సర్‌లో రొమ్మును ఉంచి గడ్డ మాత్రమే తీసే పద్ధతి ఉంది. చంకలో ఒకటి రెండు గ్రంథులు మాత్రమే తీసి చూసే పద్ధతి ఉంది. ఆ రెండూ ఇక్కడ పనికిరావు, కీమోతో ఎరుపు పూర్తిగా పోయినా సరే. కొత్త రొమ్ము నిర్మించే ఆపరేషన్ కావాలంటే రేడియేషన్ ముగిసి కొంతకాలం గడిచాక చేయించుకోవచ్చు, అదే పూట వద్దు.

ఈ వరుస ఎందుకింత ముఖ్యమంటే, ఆపరేషన్ మాత్రమే చేసిన పాత రోజుల్లో అయిదేళ్లు బతికినవారు నూటికి అయిదుగురు కూడా లేరు. కీమో ముందు, ఆపరేషన్ తరువాత, ఆ పైన రేడియేషన్ అన్న పద్ధతి వచ్చాక అమెరికా లెక్కల్లో అది సుమారు 40 శాతానికి చేరింది. ఇతర భాగాలకు పాకకముందే పట్టుకున్నవారిలో సగం మందికి పైగా అయిదేళ్లు దాటుతున్నారు. నిర్ధారణ రోజునే దీన్ని కనీసం మూడో దశగా లెక్కిస్తారు, మూడింట ఒక వంతు మందిలో అప్పటికే పాకి ఉంటుంది. 'మూడో దశ' అన్న మాట వినగానే చికిత్స లేదనుకుని ఇంటికి వెళ్లిపోయేవారున్నారు. అలా వెళ్లిపోవడానికి కారణమేమీ లేదు. పల్నాడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు, ముట్లాగిపోయి చాలా ఏళ్లయిన మనిషి, 'వేడి చేసింది' అని పసర్లు, పైపూత మందులు రాసుకుంటూ నెలలు గడిచాక చంకలో బిళ్లలు కట్టాయి. హెర్2 పాజిటివ్ వచ్చింది. భారతీయ కంపెనీలు తయారుచేసే ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్లు (అసలు మందుకు దగ్గరి పోలికగా తయారుచేసినవి) రావడంతో ఖర్చు ఆమె కుటుంబం మోయగలిగేంతకు దిగింది. వరుస తప్పకుండా చికిత్స మొత్తం పూర్తిచేసుకుంది, ఇప్పటికీ చెకప్‌కు వస్తూనే ఉంది. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను.

మీరు ఒంగోలు దగ్గర ఉంటారని రాశారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో కేన్సర్ సెంటర్ ఉంది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రి, నిమ్స్ ఉన్నాయి, విశాఖలో హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. కీమో ఇచ్చేవారు, ఆపరేషన్ చేసేవారు, రేడియేషన్ ఇచ్చేవారు ఒకరితో ఒకరు మాట్లాడుకుని నిర్ణయించే చోటును ఎంచుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కేన్సర్ చికిత్సలకు వర్తిస్తాయి కనుక కార్డు, ఆధార్ వెంట తీసుకువెళ్లి ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో ముందుగానే అడగండి. ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, తేదీలతో సహా, అల్ట్రాసౌండ్ రిపోర్టుతో పాటు ఫిల్ములు, మీరు తీసిన ఫొటోలు పట్టుకెళ్లండి. ఓపీలో డాక్టరుకు దొరికే నాలుగు నిమిషాలలో 'ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా పెరిగింది, రెండు కోర్సుల తరువాత ఎలా ఉంది' అన్న మూడు సంగతులు ముందు చెప్పండి. మిగతావి వారే అడుగుతారు. మీ పాత డాక్టరు గారితో గొడవ పడనక్కరలేదు. 'తగ్గలేదు, ఇన్‌ఫ్లమేటరీ కేన్సర్ కాదని రూఢి చేసుకోవాలనుకుంటున్నాను, బయాప్సీకి రాసివ్వండి' అంటే చాలామంది కాదనరు.

చివరగా, బయాప్సీ రిపోర్టులో 'కేన్సర్ కణాలు కనిపించలేదు, దీర్ఘకాలిక వాపు మాత్రమే' అని వస్తే ఏం చేయాలన్నది మీరు అడగలేదు గాని, అడిగేరోజు రావచ్చు. గ్రాన్యులోమేటస్ మాస్టైటిస్ అనో, క్షయ అనో నిర్దిష్టంగా జబ్బు పేరు చెప్పిన రిపోర్టు వేరు, ఏ పేరూ చెప్పక వాపు ఉందని మాత్రమే రాసిన రిపోర్టు వేరు. మొదటిదైతే దానికి తగ్గ చికిత్స మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టాక తగ్గుతున్నదీ లేనిదీ మాత్రం చూపించుకుంటూ ఉండాలి. రెండోదై, ఎరుపు, వాపు అలాగే ఉంటే, సూది పడవలసిన చోట పడలేదని అనుకోవాలి. ఎమ్మారై చేయించి, అది చూపించిన చోట నుంచి, చర్మం నుంచి మళ్లీ ముక్కలు తీయించాలి. రెండు మూడు వారాలలోపు తిరిగి చూపించుకునే తేదీని ఆ గదిలోంచి బయటికి రాకముందే రాయించుకోండి.